ఆరేళ్ళు గోడ మీద

ఆయన పోయాడని చెబితే మా వీధిలో ముగ్గురు "ఎప్పుడో పోయాడుగా!" అన్నారు. టీకొట్టు దగ్గర ఒకాయన, మందుల షాపులో ఒకాయన, మూడోది మా ఆవిడ. మా ఆవిడ మాత్రం అనేసి నాలిక కరుచుకుంది. "అయ్యో, నిజంగానా?" అంటూ పొయ్యి కట్టేసి వచ్చి నా ముందు నిలబడింది.

నిజంగానే. పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయాడట. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. ఫోన్లో ఆయన తమ్ముడు ఇదంతా చెబుతుంటే నేను "ఆఁ, ఆఁ" అంటూ విన్నాను. తర్వాత స్టూడియోకి వెళ్ళి షట్టరు ఎత్తాను. కాలేజీలో చేరబోయే అమ్మాయి ఎవరో వస్తే ఆరు పాస్‌పోర్టు ఫోటోలు తీసి, కత్తిరించి, కవర్లో పెట్టి ఇచ్చాను. ఆ అమ్మాయి వెళ్ళాక కూర్చుని, ఏడుపు రావాలి కదా అని చూశాను. రాలేదు. ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఆయన భార్య నన్ను అన్నయ్యా అనేది కాబట్టి ఆయన బావా అనేవాడు. అయినా లోపల ఎక్కడా ఏమీ కదల్లేదు. ఆరేళ్ళపాటు రోజూ దండతో చూసిన మొహానికి కొత్తగా ఏడవడం చేతకాలేదనుకుంటాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆయన టీవీ నటుడు. పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసీ వేసీ, నలభై దాటాక హైదరాబాదులో ఒక సీరియల్లో వేషం సంపాదించాడు. నాయిక భర్త వేషం. మా తిరువూరులో ఆ నెలంతా ఆయన టీకి చెయ్యి జేబులో పెట్టే పని లేకపోయింది. రెండు నెలలు తిరక్కుండానే కథలో ఆ భర్త కారు వంతెన మీద నుంచి ఏట్లో పడింది. కారు దొరికింది, శవం దొరకలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన ఆ సీరియల్లో ఫోటోగా ఉన్నాడు. హాల్లో సోఫా వెనక గోడ మీద, పూలదండతో.

ఆ ఫోటో తీసింది నేను.

"ఇంట్లో గోడకి పెట్టే ఫోటో బావా. కాస్త నవ్వుతూ, ఎటు నుంచి చూసినా వాళ్ళనే చూస్తున్నట్టుండాలి" అన్నాడు వచ్చిన రోజు. అబద్ధం కాదు. ఎవరింటి గోడో చెప్పలేదు, అంతే. నేను మామూలు ఫోటోలాగే తీశాను. దండ ఫోటో అని తెలిస్తే అలా తీసేవాణ్ణి కాదు. మా పనిలో దానికో పద్ధతుంది. దండ పడబోయే ఫోటోకి ఛాతీ కింద ఇంకో బెత్తెడు చోటు వదులుతాం, దండ కప్పేసేది ఆ చోటునే కాబట్టి. ఆయనది బిగించి తీశాను. చొక్కా మూడో గుండీ దగ్గరికి ఫ్రేము అయిపోయింది. పైవి రెండూ తెల్ల గుండీలు, ఆ మూడోది గోధుమరంగు. తెల్లచొక్కా మీద కొట్టొచ్చినట్టు కనపడుతోంది. కంప్యూటర్లో తెల్లగా చేసేస్తానన్నాను.

"ఉండనీ బావా" అన్నాడు. "చూడాల్సినవాళ్ళు చూసుకుంటారు."

నటుల మాటలు నేను పెద్దగా పట్టించుకోను. ఉండనిచ్చాను.

ఫోటో మొదటిసారి టీవీలో కనపడిన మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వచ్చి, మొహాలకి పౌడరు అద్దుకునే అద్దం ముందు కుర్చీలో కూర్చుని, "ఎలా చేశాను?" అన్నాడు.

"ఏం చేశారు బావగారూ? గోడ మీదున్నారు."

"అదే. గోడ మీద ఎలా చేశాను?"

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. కానీ ఆ ప్రశ్న తర్వాత కూడా వదల్లేదు. "కథలో ఎవరికి ఏ కష్టమొచ్చినా కెమెరా నా మీదికే వస్తుంది, చూశావా? ఆవిడ ఏడుస్తూ 'నన్నేం చెయ్యమంటారండీ' అంటుంది. కట్ చేసి నన్ను చూపిస్తారు. డైలాగుల్లేవు గానీ వాళ్ళందరికంటే నాకే క్లోజప్పులెక్కువ" అనేవాడు. కొన్ని రోజులు వచ్చి, "నిన్న కాస్త కోపంగా ఉన్నాను, గమనించావా?" అని అడిగేవాడు.

"అదే ఫోటో కదండీ."

"అదే ఫోటోయే. నిన్న కోపంగా ఉంది."

నేను తీసిన ఫోటో గురించి నాకే చెబుతున్నాడని చిరాకు పడేవాణ్ణి. ఏడాది గడిచాక, నిజం చెప్పొద్దూ, నాక్కూడా కొన్ని రోజులు ఆ ఫోటో కోపంగా కనిపించింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరం బస్టాండులో టీ తాగుతున్నాం. పెనుగొలను నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, చేతిలో సంచీతో మమ్మల్ని దాటిపోయి, ఆగి, వెనక్కొచ్చింది. ఆయన మొహంలోకి పరకాయించి చూసింది.

"నువ్వు ఆ పిల్ల మొగుడివి కదూ?"

"అవునమ్మా" అన్నాడు ఆయన.

"బతికే ఉన్నావా! ఓరి నీ దుంపతెగా, అక్కడ ఆ పిల్ల నీ ఫోటోకి దణ్ణం పెట్టుకుని నానా అగచాట్లూ పడతంటే, నువ్విక్కడ కూర్చుని టీ తాగుతున్నావా? బుద్ధుందా నీకు? ముందు ఇంటికి పో!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆయన గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, చేతులు జోడించాడు. "వెళ్తానమ్మా. పిలవగానే వెళ్తాను" అన్నాడు.

ఆ జోడించిన చేతుల్లో వేళాకోళం లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఈయన ఎదురు చూస్తున్నాడని. ఆవిడ వెళ్ళాక అడిగితే దాచలేదు.

"శవం దొరకలేదు బావా. ఊరికే దొరక్కుండా ఎందుకుంటుంది? రాసేవాడు తలుపు ఓరగా వేసి ఉంచాడు. ఏదో ఒకరోజు నన్ను లోపలికి పిలుస్తాడు."

అందుకే ఆయన ఫోటోలాగే ఉండిపోయాడు. మొదట్లో నేను గమనించలేదు. ప్రతి శనివారం వచ్చి అద్దం ముందు కూర్చుని, నా దగ్గరున్న కాపీ తెమ్మని, దాన్ని చెంప పక్కన పెట్టుకుని, "తేడా ఉందా?" అనేవాడు. నేను ఫోటో చూసి, మనిషిని చూసి, తీర్పు చెప్పాలి. మీసం ఎడమ కొస కాస్త పొడుగైందంటే నా కత్తెరే తీసుకుని సరిచేసుకునేవాడు. బుగ్గలు లోపలికి పోయాయంటే వారం తిరిగేసరికి నిండుగా వచ్చేవాడు. తెల్లజుట్టు మొదలైతే రంగు మొదలైంది. ఊళ్ళో నాతోపాటు అందరూ ముసలివాళ్ళవుతుంటే ఆయన ఒక్కడే ఆ ఫోటో వయసులో ఆగిపోయాడు. ఇంకో సీరియల్లో పూజారి వేషం వచ్చింది, గుండు చేయించుకోవాలన్నారు. వెళ్ళలేదు. మరోదానికి గడ్డం పెంచమన్నారు. అదీ వద్దన్నాడు.

ఇక ఆవిడ సంగతి. ఆయన భార్యకి నటన అంటే గౌరవమే. దండ దగ్గరే వచ్చింది తగాదా.

"శవం దొరకనివాడికి దండెలా వేస్తారన్నయ్యా? వాళ్ళింట్లో పెద్దవాళ్ళు లేరూ?" అంది నాతో ఒకసారి. ఆ సీరియల్లో ఉన్నదే పెద్దవాళ్ళు, దండ వేసింది అత్తగారే. అది చెబితే ఇంకా బాధపడింది. చూడటం మానెయ్యమన్నాను. "మానేస్తే ఇంకా భయం. కళ్ళ ముందుంటే కనీసం ఏం చేస్తున్నారో తెలుస్తుంది" అంది. రోజూ చూసేది. ఫోటో తెర మీదికి రాగానే మంగళసూత్రాలు తీసి కళ్ళకద్దుకునేది. శుక్రవారాలు బస్సెక్కి నెమలి అనే ఊరు వెళ్ళి వేణుగోపాలస్వామికి ఆయన పేరు మీద అర్చన చేయించేది. పూజారిగారు పేరు, గోత్రం అడిగితే గుళ్ళో అందరికీ వినపడేలా చెప్పేదట. ఈయన బతికే ఉన్నాడని అక్కడైనా నమోదు కావాలన్నట్టు.

ఒకసారి స్టూడియోకి వచ్చి, నన్ను బతిమాలింది. "ఫోటో తీసింది మీరేగా అన్నయ్యా. మీరో మాట ఫోన్ చేసి, ఆ దండ తీసెయ్యమని చెప్పకూడదూ? ఫోటో ఉంచుకోమనండి. దండొక్కటే."

"చెబుతానమ్మా" అన్నాను. చెప్పలేదు. ఎవరికి చెయ్యాలో తెలియదు, తెలిసినా చేసేవాణ్ణి కాదేమో. దండ తీశారంటే మనిషి తిరిగొస్తున్నాడనే కదా అర్థం. ఇద్దరికీ కావలసింది ఒకటేనని నేను అప్పట్లో అనుకునేవాణ్ణి.

మూడో ఏట ఆయన తల్లి పోయింది. పెద్దకొడుకు ఆయనే. ఇంటి ముందు పాడె కడుతున్నారు. మంగలాయన పెరట్లో నీళ్ళ చెంబు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వసారాలో గోడకి ఆనుకుని నిలబడి, "తమ్ముడు చేస్తాడు" అన్నాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మేనమామ అరిచాడు. "మీసం కోసం కన్నతల్లికి తలకొరివి పెట్టవట్రా? అది వేషమా, తద్దినమా?"

తమ్ముడే వెళ్ళి మంగలాయన ముందు కూర్చున్నాడు. శ్మశానం దాకా ఆయన అందరి వెనకా నడిచాడు. దారిలో నా పక్కకి వచ్చి, చెవి దగ్గర అడిగాడు. "జుట్టు ఇంత రావాలంటే మూడు నెలలు పడుతుంది. రేపే పిలిస్తే? మూడు నెలలు ఆగుతారా వాళ్ళు?"

ఆ క్షణంలో అలా అడగడం తప్పని నాకు తోచలేదు. ఆగరు కదా అనుకున్నాను. ఊరంతా ఆయన్ని అసహ్యించుకుంటుంటే నేను మూడు నెలల లెక్క వేస్తూ నడిచాను.

ఆరో ఏడు ఒక సాయంత్రం టీవీలో గోడ చూపించారు. ఫోటో ఉంది, దండ లేదు. ఫోటోలో మనిషి వేరు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే ఫ్రేము, అదే మేకు, ఎవరో కొత్తాయన నవ్వుతున్నాడు. సీరియల్లో ఆ ఇంట్లోవాళ్ళు ఎవరూ ఆ తేడా గురించి మాట్లాడుకోలేదు. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంటి గుమ్మంలో ఆ కొత్తాయన నిలబడ్డాడు. ప్రమాదంలో మొహం కాలిందట, ఆపరేషన్ చేస్తే ఇలా వచ్చిందట. నాయిక స్పృహ తప్పింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. పాత ఫోటో ఎందుకు మారిందో ఎవరూ అడగలేదు. ఊరు రెండు రోజుల్లో అలవాటు పడింది.

కొత్తాయన గుమ్మంలో కనపడ్డ మర్నాడు పొద్దున బావగారి భార్య తలంటు పోసుకుని, నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, స్టీలు డబ్బాలో పరమాన్నం తెచ్చింది. "పీడ వదిలింది అన్నయ్యా! ఆరేళ్ళకి వదిలింది. పొద్దున్నే నెమలి వెళ్ళొచ్చాం" అంది. ఆవిడ అలా నవ్వగా నేను ఆ ఆరేళ్ళలో చూడలేదు. ఆయన ఆవిడ వెనకాలే వచ్చి, అద్దం ముందు కుర్చీలో, అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆవిడ డబ్బా మూతలో ఆయనకీ పెట్టింది. తిన్నాడు. "బెల్లం సరిపోయింది" అన్నాడు. ఆవిడ మొహం ఇంకా విప్పారింది. ఇద్దరికీ కావలసింది ఒకటేనన్న నా తెలివి ఆ రోజుతో పోయింది. ఎవరి వైపు చూసి మాట్లాడాలో తెలియక నేనూ తింటూ కూర్చున్నాను.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "ముందుగా వాళ్ళు ఫోనైనా చెయ్యలేదా?"

"ఫోటోకి ఎవరు ఫోన్ చేస్తారు బావా" అన్నాడు.

తర్వాతి శనివారం షాపులోకి ఎవరో గుండుతో ఉన్నాయన వస్తే, ఏం కావాలండీ అని అడిగాను. ఆయనే. జుట్టూ మీసం రెండూ లేవు. పైపెదవి తెల్లగా పాలిపోయి ఉంది.

"అమ్మకి" అన్నాడు.

మూడేళ్ళు ఆలస్యంగా. ఒక్కడే మంగలిషాపుకి వెళ్ళి, ఒక్కడే ఏటికి వెళ్ళి స్నానం చేసి వచ్చాడట. ఈసారి అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. కాపీ తెమ్మనలేదు. కాసేపయ్యాక, "ఇప్పుడు తియ్యి ఫోటో" అన్నాడు.

కెమెరా పక్కనే ఉంది. నా చెయ్యి వెళ్ళలేదు. "జుట్టు రానివ్వండి బావగారూ, మంచిగా తీద్దాం" అన్నాను.

"సరే" అన్నాడు.

ఆ ఫోటో తియ్యాల్సింది. ఆయన విషయంలో నాకున్న పశ్చాత్తాపం ఇదొక్కటే, మిగతావాటికి ఏదో ఒక సాకు ఉంది. జుట్టు వచ్చింది, మొత్తం తెల్లగా. మీసం పెంచలేదు. శనివారాలు రావడం మానేశాడు. రోడ్డు మీద కనపడితే ఆగి, కొత్తాయన గురించి మాత్రం మాట్లాడేవాడు. "బాగానే చేస్తున్నాడు. రెప్పలు మరీ ఎక్కువ వేస్తాడు" అనేవాడు. ఏడాదిన్నరలో ముసలివాడైపోయాడు. బస్టాండులో ఆయన్ని ఎవరూ ఆపలేదు, తిట్టలేదు.

ఆయన పోయిన మూడో రోజు ఆవిడ ఫోన్ చేసింది.

"పెద్దకర్మకి ఫోటో కావాలన్నయ్యా. ఆ ఫోటో మాత్రం వద్దు."

"సరేనమ్మా."

"దాన్ని ఆరేళ్ళు చూశాను. ఇంక చూళ్ళేను."

గొంతులో ఏడుపు లేదు. సరుకులు చెప్పినట్టు చెప్పింది. నాకున్న డబ్బాలన్నీ వెతికాను. నాటకాల్లో కిరీటాలతో ఉన్నవి దొరికాయి, గడ్డాలతో ఉన్నవి దొరికాయి. పెళ్ళి ఫోటోలో తల వంచుకుని తాళి కడుతున్నాడు, మొహం కనపడదు. ఆధార్ కార్డులో ఎవరూ వాళ్ళలాగా ఉండరు. ఇన్నేళ్ళలో ఆయన ఆయనలా ఉన్న ఫోటో అదొక్కటే. చేసేదిలేక దాన్నే పన్నెండు పద్దెనిమిది సైజులో వేసి, కాగితంలో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆవిడ హాల్లో ఒక మూల చాప మీద కూర్చుని ఉంది. టీవీ మీద దుప్పటి కప్పారు. నుదుట బొట్టు అలాగే ఉంది, ఇంకో ఆరు రోజులు ఉంటుంది. వేరేది దొరకలేదమ్మా, తిట్టుకోవద్దు అని చెప్పి, కాగితం విప్పి ఆవిడ ముందు నేల మీద పెట్టాను.

తల తిప్పుకుంటుందనుకున్నాను. చాలాసేపు చూసింది.

"ఇది అదేనా అన్నయ్యా?"

"అదేనమ్మా."

"దండ లేకుండా నేనెప్పుడూ చూళ్ళేదు."

నిజమే. ఆ కాపీ నా బీరువాలోనే ఉండిపోయింది. ఆవిడ చూసిందల్లా టీవీలో. చెయ్యి చాపి, ఫోటో అడుగున వేలు పెట్టింది.

"ఈ గుండీ నేను కుట్టిందే. ఆ పొద్దున బస్సుకి టైమవుతుంటే ఊడింది. తెల్లది దొరక్క చేతికందింది కుట్టేశాను. షూటింగుకి వెళ్ళేవాళ్ళు, నలుగురూ నవ్వుతారు, మార్చుకోండి అన్నాను. వినలేదు."

"నేను తెల్లగా మార్చేస్తానన్నానమ్మా" అన్నాను. "ఉండనీ, చూడాల్సినవాళ్ళు చూసుకుంటారు అన్నారు."

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ గుండీని చూసింది. ఆరేళ్ళు, రోజూ, ఆవిడ ఆ ఫోటో ముందు సూత్రాలు కళ్ళకద్దుకుంటూ కూర్చుంది. గుండీ దండ కింద ఉంది. నేను బెత్తెడు చోటు వదిలి ఉంటే కనపడేది.

"దండ చిన్నది తెప్పించండి అన్నయ్యా" అంది చివరికి.

పెద్దకర్మ రోజు పూలకొట్టుకి వెళ్ళి నేనే దగ్గరుండి కట్టించాను, ఫోటో భుజాల దగ్గరే ఆగేంత దండ. కొట్టువాడు పిల్లల ఫోటోకా అని అడిగాడు. భోజనాలు మొదలయ్యే వేళకి ఆ మేనమామ మనిషెత్తు గులాబీ దండ పట్టుకుని ఆటో దిగాడు. ఆనాడు తిట్టిన మనిషి ఇవాళ ఏడుస్తూ దాన్ని ఫోటోకి వేశాడు. ఫోటోలో గడ్డం కింద అంతా పూలే. ఆవిడ గది గుమ్మంలోంచి లేచి వచ్చింది. అందరూ చూస్తుండగా రెండు చేతులతో ఆ దండ తీసి, మేనమామ చేతుల్లోనే పెట్టింది.

"బతికున్నప్పుడే వేశారు బాబాయ్. ఇప్పుడొద్దు" అంది.

గోధుమరంగు గుండీ మళ్ళీ కనిపించింది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరో భుజం తట్టి, విస్తళ్ళు వేశారు రండి అంటే వెళ్ళి కూర్చున్నాను.